మూడు వందల రెండులో ఒకరు

"ఇయ్యాల పొద్దూకే వరకు మనం ముగ్గురం ముగ్గురమే ఉంటమా?" అంది రాజకుమారి.

అప్పటికి ఏమీ జరగలేదు. పాలు పొంగిపోలేదు, కరెంటు పోలేదు, ఎవరింటి నుంచీ ఫోను రాలేదు. చిక్కడపల్లి సందులో ఆదివారం పూట వినపడే కూరగాయల బండి అరుపు కూడా ఇంకా మొదలుకాలేదు. కానీ ఆ ప్రశ్న అడిగితే గాని ఆమెకు పొద్దు మొదలైనట్టు ఉండదు. ముందే భయపడి పెట్టుకుంటే రావలసిన కీడు సిగ్గుపడి వెనక్కి పోతుందని ఆమె నమ్మకం.

"ఉంటం" అన్నాడు ఆమె భర్త బాలకిషన్, చెప్పులు వేసుకుంటూ. "నిన్న ఉన్నం. మొన్న ఉన్నం."

"నిన్న ఉంటే ఇయ్యాల ఉన్నట్టేనా? ఎదురింటి ధర్మారావు గారు గట్లనే అన్నడు. పొద్దున మంచిగ చాయ్ తాగిండు. పగటికి లేడు."

ధర్మారావు బాలకిషన్‌కు మంచి స్నేహితుడు. ఆయన బతికి ఉన్నన్నాళ్ళూ ఇద్దరూ కలిసి చదరంగం ఆడుకునేవాళ్ళు. బాలకిషన్ 'రెండు నిమిషాల్లో వస్త' అని వెళ్ళి అన్నం వేళకు వచ్చేవాడు. ఆయన పోయాక లైబ్రరీ అలవాటు చేసుకున్నాడు. పొద్దున్నే వెళితే మళ్ళీ భోజనానికే.

"గొడుగు తీసుకున్నవా? మబ్బు పట్టింది."

"తీసుకున్న."

"రోడ్డు దాటేటప్పుడు బస్సు ముందల నుంచి పోకు. దాని వెనకాల నుంచి బండ్లు వస్తయి. ఎవరన్న అడ్రస్ అడిగితె దగ్గరికి పోకు. ఇయ్యాల బిడ్డ మీటింగ్ ఉన్నది గద, ఒక్కరోజు ఉండొచ్చు గద?"

"నేనుంటె నువ్వు నా మొఖం చూసుకుంట భయపడ్తవ్. నేను లేకుంటె నీకు ఒక భయం తక్కువ" అని బాలకిషన్ తలుపు దగ్గరికి వేసి వెళ్ళిపోయాడు.

రాజకుమారి చెవి రిక్కించింది. లిఫ్టు కదిలిన చప్పుడు రాలేదు. మోకాళ్ళ నొప్పులతో మెట్లు దిగుతున్నాడా, జారిపడితే ఎట్లా అనుకుని తలుపు తీసి చూసింది. మెట్ల మీద అడుగుల చప్పుడు కూడా లేదు. వరండా ఖాళీగా ఉంది. ఎదురుగా ధర్మారావు ఇంటి తలుపు మూసి ఉంది. గడప మీద ఆయన పెట్టించిన పసుపు ఎప్పుడో వెలిసిపోయింది. మనిషి అంత తొందరగా ఎట్లా మాయమవుతాడో ఆమెకు అర్థం కాలేదు. ఆ మాట గట్టిగా అనుకోవడానికి కూడా భయపడి, తలుపు గడియ పెట్టుకుంది.

ఆ రోజు అనుకున్న పని చిన్నదే. టిఫిన్లు అయ్యాక అపార్టుమెంటు వాళ్ళంతా సెల్లార్‌లో చేరతారు. రాజకుమారి కూతురు నవత తాను తయారుచేసిన కంప్యూటర్ పేజీ చూపిస్తుంది. అందరూ బాగుందంటారు. అంతే.

నవత అశోక్‌నగర్‌లో గ్రూప్స్ కోచింగ్‌కు తిరిగి తిరిగి, పరీక్షలు వాయిదా పడి పడి, చివరికి విసుగొచ్చి నారాయణగూడలో జావాస్క్రిప్ట్ అనే కంప్యూటర్ భాష నేర్చుకోవడానికి చేరింది. అక్కడి ప్రేమ్‌సాగర్ సారు ఒక మాట చెప్పాడు. క్లాసులో చేసిన లెక్కలు ఎవరికీ అక్కర్లేదు, నిజంగా పదిమంది వాడే పేజీ ఒకటి చేసి చూపిస్తే, వాడేవాళ్ళకు తానే ఫోన్ చేసి కనుక్కుని, తన స్నేహితుడి ఆఫీసులో పనికి పెట్టిస్తానన్నాడు. నవతకు అపార్టుమెంటు నీళ్ళు గుర్తొచ్చాయి.

ఆ అపార్టుమెంటులో బోరు ఎండిపోయి చాలా కాలమైంది. ట్యాంకరు నీళ్ళే గతి. ఆ నీళ్ళను ఇంటికింత అని కాక మనిషికింత అని పంచుకోవడం అక్కడి పద్ధతి. అందుకని ఏ ఇంట్లోనూ ఉన్నంతమంది ఉన్నట్టు ఎవరూ చెప్పరు. అత్తగారు ఎండాకాలం వచ్చి చలికాలం దాకా ఉన్నా 'నిన్ననే దిగింది' అంటారు. మేనల్లుడు పరీక్ష రాసి, ఫలితం చూసుకుని, మళ్ళీ చదవడం మొదలుపెట్టినా 'పోతూ పోతూ ఆగాడు' అంటారు. నవత పేజీ ఈ మాటల జోలికి పోదు. ప్రతి ఇంటి మీటరు చూసి, వారంలో ఎన్ని నీళ్ళు వాడారో తీసుకుని, ఒక మనిషి వాడే నీళ్ళతో భాగించి, ఆ ఇంట్లో ఎంతమంది ఉన్నారో చెబుతుంది.

"తప్పు మీట గిట్ల నొక్కితె పోలీసులు వస్తరా?" అంది రాజకుమారి, మెట్లు దిగుతూ.

"రారు మమ్మీ."

"వచ్చినంక చెప్తే ఏం లాభం."

సెల్లార్‌లో వెలుతురు తక్కువ. బయట సన్నగా వాన మొదలైంది. స్కూటర్ల మధ్య ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. స్టూలు మీద ల్యాప్‌టాప్. ముందు కుర్చీలో కమిటీ అధ్యక్షుడు సుందరరావు, పక్కన ఆయన భార్య కుసుమ. వాళ్ళది తెనాలి. 301లో ఉంటారు. 302 ధర్మారావు గారిది. 303 రాజకుమారి వాళ్ళది. మూడో అంతస్తులో అవే మూడు ఇళ్ళు.

వాచ్‌మన్ పీరయ్య పొద్దున్నే మీటర్లన్నీ చూసి అంకెలు పంపాడు. నవత మీట నొక్కింది. కింది అంతస్తుల పేర్లు ఒక్కొక్కటే వచ్చాయి. ఒక ఇంట్లో అత్తగారు బయటపడింది, ఇంకో ఇంట్లో తమ్ముడు బయటపడ్డాడు. జనం నవ్వారు. తరువాత 301 వచ్చింది. ఎదురుగా అయిదు అని ఉంది.

నవ్వు ఆగింది. సుందరరావు ఇన్నాళ్ళూ ఇద్దరమే అని చెబుతున్నాడు.

"అమ్మాయ్, మేమిద్దరమేనమ్మా" అన్నాడాయన. "నేనూ, మీ ఆంటీ. అయిదేంటి?"

"అంకుల్, అది నీళ్ళను బట్టి చెప్తది."

"నీళ్ళకేం తెలుసమ్మా." ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని కిందికి చూశాడు. చూసి ముఖం వెలిగించుకున్నాడు. "ఇదిగో, చూడండి అందరూ. 302లో కూడా అయిదే అంటోంది. తాళం వేసిన ఇంట్లో అయిదుగురేంటండీ? ఈ పేజీ మనకి పనికిరాదు. ఆ మేష్టారు ఫోన్ చేస్తే అదే చెబుతాను."

ఆయనకు సంతోషంగా ఉంది గాని మిగతావాళ్ళకు ఆ మాట అక్కడితో ఆగలేదు. తాళం వేసిన ఇంట్లో అయిదుగురు. ఎవరో కుర్చీ కొంచెం ముందుకు జరుపుకున్నారు. రాజకుమారి గొంతు తగ్గించి అంది:

"అంటె ఆయనొక్కడే రాలే. తోడు తెచ్చుకున్నడు."

నవత తాను రాసిన వరసలన్నీ కిందికీ పైకీ జరిపి చూసింది. కాసేపటికి ఊపిరి పీల్చుకుంది.

"తప్పు నాదే. మమ్మీ, నీకు అర్థమయ్యేటట్టు చెప్త. 'నీళ్ళు' అని ఒక వేరియబుల్ పెట్టిన. అంటె ఒక గిన్నె అనుకో. ఏ ఇంటి నీళ్ళైనా ఆ గిన్నెలనే పోసి లెక్క చూస్త. 301 వాళ్ళవి పోసిన, చూసిన. పీరయ్య 302 అంకె పంపలే, తాళమే గద అని. ఇగ పొయ్యనీకి ఏం లేదు. కాని ముందటిది పారబొయ్యలే. గిన్నెల 301 నీళ్ళే ఉన్నయి. అవే మళ్ళ లెక్కబెట్టింది."

"గిన్నె కడగకుండ ఇంకొకరికి వాడినవా?" అంది రాజకుమారి. "ఇంట్ల నేను గదే నేర్పిన్నా?"

"అంటే ఆ అయిదుగురూ మావాళ్ళేనన్నమాట" అంది కుసుమ, గుండెల మీద చెయ్యి వేసుకుని. "హమ్మయ్య. దయ్యాలేమో అనుకుని చచ్చాను."

సుందరరావు భార్య వైపు తిరిగి చూశాడు. ఆమెకు తానేమందో అప్పుడు అర్థమై, కొంగు సర్దుకుంది.

నవత ప్రతి ఇంటికీ ముందు గిన్నె ఖాళీ చేసేటట్టు ఒక వరస రాసింది. ఇప్పుడు 302 ఎదురుగా సున్నా వచ్చింది. కానీ సుందరరావు ఊరుకోలేదు. భార్య అన్న మాట మీద నుంచి జనం దృష్టి తప్పించాలని ఆయన ఆరాటం. "ఖాళీగా వదిలేస్తే సున్నా వస్తుంది, అదేం గొప్ప? మీటరు చూసి చెప్పమనండి. అప్పుడు సున్నా వస్తే నమ్ముతాను" అన్నాడు.

పీరయ్య మీటరు చూడడానికి పైకి వెళ్ళాడు. మీటర్లన్నీ డాబా మీద ఉంటాయి. నవత ఫోను స్పీకర్‌లో పెట్టింది. వాన చప్పుడు, పీరయ్య ఆయాసం వినబడ్డాయి.

"చూస్తున్న అమ్మా. 302... పోయిన ఆదివారం ఫోటో తీసినప్పటికి, ఇప్పటికి... జరిగిందమ్మా. మీటరు జరిగింది."

"లీకేమోనయ్యా" అన్నాడు సుందరరావు. "పైపు చూడు."

"పైపు పొడిగనే ఉన్నది సార్." తరువాత పీరయ్య గొంతు సన్నబడింది. "సార్. ముల్లు ఇప్పుడు తిరుగుతున్నది."

ముందు కుర్చీల వాళ్ళు ఫోను మీదికి వంగారు.

"ఆగింది... మళ్ళ తిరుగుతున్నది సార్. గిన్నెలు కడుగుతున్నట్టు... జర జర తిరిగి ఆగుతున్నది. నేను కిందికి వస్తున్న."

నవత వేళ్ళు వాటంతట అవే అంకెను ఎక్కించాయి. పేజీ ఒకసారి మినుకుమంది. 302 ఎదురుగా ఒకటి. దాని కింద 303 ఎదురుగా రెండు.

రాజకుమారి మొదట ఒకటిని చూసింది. తరువాత రెండును చూసింది. రెండు చూశాక ఒకటి సంగతి మరిచిపోయింది.

"మనం ముగ్గురం గదే" అంది.

"అవును మమ్మీ, అది ఏమైందంటే..."

"మన ముగ్గురిల ఎవరు లేరు?"

పీరయ్య తడిసి వచ్చి స్తంభానికి ఆనుకున్నాడు. ఇక అప్పుడు ఎవరికి తెలిసిన ముక్క వాళ్ళు బయటపెట్టడం మొదలుపెట్టారు. పీరయ్య మెట్లు ఊడ్చేటప్పుడు 302లో దగ్గు విన్నాడట. పెద్దాయన దగ్గే, తలుపు తీసే ముందు ఒకసారి దగ్గేవాడు గదా, అచ్చం అట్లాగే. చెబితే తాగి చెప్పాడంటారని చెప్పలేదు.

"నాకు అల్లం టీ వాసన వస్తుందండీ" అంది కుసుమ. "మధ్య గోడలోంచి వస్తుంది. ఒకరోజు కుర్చీ జరిపిన చప్పుడు కూడా. ఆయనకి అల్లం టీ అంటే ప్రాణం కదా. మా ఆయనతో అంటే ముక్కు చూపించుకోమన్నారు."

"మొక్కలు" అన్నాడు ఎవరో వెనక నుంచి. "బాల్కనీలో ఆయన మొక్కలు చూశారా? మనిషి పోయి ఇన్నాళ్ళయింది. మనం నీళ్ళు పోసే మన మొక్కలే ఎండినయి. అవి పచ్చగ ఉన్నయి. మల్లె పూసింది కూడ."

అందరూ వానలో నిలబడి పైకి చూసి వచ్చారు. మూడో అంతస్తు బాల్కనీలో మొక్కలు నిజంగానే పచ్చగా ఉన్నాయి. ఒక మొక్క కొమ్మ చిన్నగా ఊగింది. గాలి అనుకోవడానికి గాలి లేదు.

సుందరరావు ధర్మారావు కూతురు జయశ్రీకి ఫోను చేశాడు. ఆమె విజయవాడలో ఉంటుంది. "ఎవరికీ తాళంచెవి ఇవ్వలేదు అంకుల్" అందామె. "తలుపుకి బిగించిన తాళం కదా, రెండు చెవులుండేవి. ఒకటి నా దగ్గరుంది. రెండోది నాన్న ఎక్కడ పెట్టారో, వెతికితే దొరకలేదు. ఏమైందంకుల్?" ఏమీ లేదమ్మా అని ఆయన పెట్టేశాడు.

తలుపు కొట్టి చూద్దామని ఒక్కరూ అనలేదు. సుందరరావే ఆలోచించి ఇంకో దారి కనిపెట్టాడు.

"అమ్మాయ్, ఆ ఒకటి సరిగ్గా ఒకటేనా?"

నవత లోపలి లెక్క తెరిచి చూపించింది. 302కు సున్నా పాయింట్ ఆరు. 303కు రెండు పాయింట్ నాలుగు. "రౌండ్ పెట్టిన అంకుల్. సగం దాటితె పైకి పోతది, దాటకపోతె కిందికి వస్తది. అందుకని ఆరు ఒకటైంది. మా నాలుగు పోయింది."

"ఆరంటే పూర్తి మనిషి కాదన్నమాట" అన్నాడు సుందరరావు.

"సగం కంటె జర ఎక్కువ" అంది రాజకుమారి. "నడుము పైనుంచా, కిందినుంచా?"

"మమ్మీ, గట్ల కాదు..."

"పైనుంచైతె దగ్గుతడు. కాళ్ళుండవు, అందుకే అడుగుల చప్పుడు రాదు."

పీరయ్య తలూపాడు. అతనికి ఆ మాట సబబుగానే తోచింది.

"ఒక పని చెయ్యమ్మా" అన్నాడు సుందరరావు. "పూర్తి మనిషి అయితేనే మనిషి. కాకపోతే లెక్కలోకి రాకుండా చేయగలవా?"

"చెయ్యొచ్చు. రౌండ్ తీసేసి ఫ్లోర్ అని రాస్తె, పాయింట్ తరువాత ఎంత ఉన్నా పోతది."

ఆమె ఒక్క మాట మార్చింది. 302 ఎదురుగా సున్నా వచ్చింది. 301లో నాలుగు పాయింట్ ఎనిమిది కాస్తా నాలుగైంది. సుందరరావుకు ఈ పద్ధతి రెండు విధాలా నచ్చింది. కుసుమ కర్పూరం తేవడానికి లేచినది మళ్ళీ కూర్చుంది. ఊరి చివర శ్మశానం దాటిన బస్సులోని వాళ్ళలాగా అందరూ ఒకేసారి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. బ్రహ్మాండంగా ఉందమ్మా పేజీ, మీ మేష్టారుకి నేనే చెబుతాను అన్నాడు సుందరరావు.

రాజకుమారి ఒక్కతే స్టూలు దగ్గర నుంచి కదలలేదు. ఆమె చూపు 303 మీదే ఉంది. అక్కడ ఇంకా రెండే ఉంది.

"ఆ ఆరు ఏమైంది?" అంది.

"తీసేసిన మమ్మీ. కనపడదు."

"కనపడకపోతె లేనట్టా? నీళ్ళైతె పోయినయి గద." ఆమె ఇంకొంచెం దగ్గరికి వంగింది. "నేనున్న. నువ్వున్నవ్. మీ డాడీకి ఫోన్ చెయ్."

నవత చేసింది. మోగుతూనే ఉంది. పైకి వెళ్ళి చూస్తే ఆ ఫోను తమ ఇంట్లోనే, చార్జింగులో, వంటింటి గట్టు మీద మోగుతోంది.

అక్కడ నుంచి రాజకుమారిని పట్టుకోవడం ఎవరి వల్లా కాలేదు. పీరయ్యను లైబ్రరీకి పరుగెత్తించింది. అతను వానలో వెళ్ళి, వానలో వచ్చి, మూడో అంతస్తు వరండాలో నిలబడి చెప్పాడు: "సార్ లేడమ్మా. చదువుకునే రూమ్‌కు సున్నం ఏస్తున్నరు. ఈ వారమంత మూసే ఉన్నదట. ఎవరినీ లోపలికి రానిస్తలేరట."

"వారమంత?" అంది రాజకుమారి. "నిన్న పోయిండు గద. మొన్న పోయిండు గద. మొన్న అంత వాన పడ్డది. నేను తలుపు తీస్తే ఒక్క చుక్క తడి లేకుండ వచ్చిండు. గొడుగు కూడ పొడిగ ఉన్నది. తగ్గినంక వచ్చిన అన్నడు. కిటికీల నుంచి చూస్తే కురుస్తనే ఉన్నది." ఆమె గొంతు గుసగుసగా మారింది. "నవతా, మొన్న వచ్చింది ఎవరే?"

నవతకు చదువుకున్న ధైర్యం ఉంది గాని, ఆ ప్రశ్నకు ఒళ్ళు జలదరించకుండా ఉండేంత లేదు.

వెతకడానికి మనుషులు కావలసి వచ్చారు. కుసుమ ఇక దాచలేక తమ ఇంటి తలుపు తోసి పిలిచింది. లోపల నుంచి ముగ్గురు యువకులు, గ్రూప్స్ పుస్తకాలు చేతిలోనే పట్టుకుని, వరసగా బయటికి వచ్చారు. వాళ్ళంతా సుందరరావు మేనల్లుళ్ళు. ఒకణ్ణి నారాయణగూడ చౌరస్తాకు, ఒకణ్ణి అశోక్‌నగర్‌కు, ఒకణ్ణి లోయర్ ట్యాంక్ బండ్ వైపు పంపారు. సుందరరావు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. ఎవరూ ఆయన్ను ఏమీ అనలేదు. అనే ధ్యాస ఎవరికీ లేదు.

రాజకుమారి 302 తలుపు వైపు చూస్తూ నిలబడింది. ఆమె తలలో లెక్క తయారవుతోంది. మా ఇంట్లో ఒకరు తక్కువ. ఆ ఇంట్లో ఒకరు ఎక్కువ. ధర్మారావు గారికి చదరంగం ఆడకపోతే తోచదు. ఎత్తు సగంలో ఉండగా పోయాడు. ఒంటరిగా ఎన్నాళ్ళని ఉంటాడు?

నవత మెట్టు మీద కూర్చుని ఒళ్ళో ల్యాప్‌టాప్ తెరిచింది. ఏదో ఒకటి చూస్తూ ఉంటే భయం తగ్గుతుందని తెరిచింది. రెండు పాయింట్ నాలుగు. సున్నా పాయింట్ ఆరు. ఊరికే కూడింది. మూడు వచ్చింది. ఆమె మళ్ళీ కూడింది. తరువాత తలెత్తి "మమ్మీ, జర ఆగు" అనేలోగా తల్లి వరండా దాటేసింది.

వానకు తలుపు దడేల్‌మన్నా మంచం మీద లేచి కూర్చునే మనిషి, ఫోను రెండుసార్లు మోగితే దేవుడికి దండం పెట్టుకునే మనిషి, నేరుగా వెళ్ళి 302 తలుపు కొట్టింది. కుసుమ కళ్ళు మూసుకుంది. పీరయ్య రెండు మెట్లు దిగాడు.

లోపల ఎక్కడో నీళ్ళు పడుతున్న చప్పుడు. అది ఆగింది. ఎవరో నల్లా కట్టేశారు.

"ధర్మారావు గారూ" అంది రాజకుమారి. "నేను, రాజకుమారిని. ఎదురింటి దాన్ని. మీరు మంచోళ్ళు. ఉన్నన్ని రోజులు ఎవరినీ ఒక మాట అనలే. మీకు తోచకపోతె చెప్పుండ్రి, నేనే రోజు వచ్చి ఈ తలుపు బయట కూసుంట. నాకు చదరంగం రాదు, నేర్చుకుంట. కాని మా ఆయనకు షుగర్ ఉన్నది. పగటికి గోలి ఎయ్యాలె, ఎయ్యకుంటె కండ్లు తిరుగుతయి. మా ఇంట్ల మేం ముగ్గురమే ఉన్నం. ముగ్గురు ఇద్దరైతె నాతోని కాదు." ఆమె తలుపు చెక్కకు చెయ్యి ఆనించింది. "మా ఆయన మీ దగ్గరికి గిట్ల వచ్చిండా?"

వాన గోడల మీద నుంచి జారుతున్న చప్పుడు వినబడింది. కింద ఎవరిదో స్కూటరు స్టాండు పడింది. తలుపు కింది సందులో వెలుతురు ఉంది. ఆ వెలుతురులో రెండు నీడలు, రెండు కాళ్ళంత దూరంలో, కదలకుండా నిలబడి ఉన్నాయి. లోపల ఉన్నదెవరో తలుపుకు అవతల, అంత దగ్గరగా, ఊపిరి బిగబట్టి ఉన్నారు. రాజకుమారి చెయ్యి తీయలేదు. సుందరరావు గోడ వైపు నుంచి తిరగలేదు. అల్లం టీ వాసన ఒక్కటే వరండాలోకి మెల్లగా వచ్చింది. ఇక జవాబు రాదని అందరూ అనుకున్నాక కూడా చాలాసేపు గడిచింది.

అప్పుడు లోపల ఎవరో దగ్గారు.

"వచ్చిండు" అంది గొంతు. అది బాలకిషన్ గొంతు. "తాళంచెవి ఆయనకు ధర్మారావే ఇచ్చి పోయిండు, మొక్కలు ఎండనియ్యద్దని. నీళ్ళు పోసి, ఒక చాయ్ తాగి, ఇక్కడైతె 'ఏం అయితదో' అనేటోళ్ళు ఎవరూ లేరని జరసేపు పేపర్ చదువుకుంటుండు. గోలి జేబులనే ఉన్నదట. అన్నానికి వస్తనని చెప్పమన్నడు."

మెట్టు మీద కూర్చున్న నవత, ఫ్లోర్ తీసేసి మళ్ళీ రౌండ్ పెట్టింది. 302 ఎదురుగా మళ్ళీ ఒకటి వచ్చింది.